తొమ్మిదో గడిలో రాయవలసిన మనిషి

అగ్నిమాపక శాఖ సంచాలకుల వారి సముఖమునకు, అదే శాఖ గణాంక విభాగంలో మూడేళ్ళుగా జాతీయ అగ్నినష్టాల పట్టిక టైపు చేస్తున్న ఉద్యోగిని రాసుకున్న అర్జీ.

విషయం: ఈ నెల నాలుగున మన రికార్డు గదిలో జరిగిన అగ్నిప్రమాదం, ఊడ్చే ఆమె సస్పెన్షన్‌ను రద్దు చేయమని కోరుట, అసలు బాధ్యురాలిని నేనేనని తెలియజేసుకొనుట.

అయ్యా,

1. సదరు గది వెనక భాగంలో బల్బు పోయి పదకొండు నెలలైంది. మార్చమని నేను కాగితం పెట్టలేదు. పెడితే సూపరింటెండెంటు గారితో మాట్లాడవలసి వస్తుంది. భోజన విరామంలో అక్కడే కూర్చుని నవల చదువుకుంటాను, కొవ్వొత్తి వెలుగులో. ఏ గోదాము ఎందుకు తగలబడిందో కంఠతా వచ్చిన మనిషిని, కాగితాల కట్టల నడుమ కొవ్వొత్తి పెట్టుకున్నాను. నన్ను నేను తిట్టుకోవడానికి ఇంతకు మించి శాఖాపరమైన భాష దొరకలేదు.

2. నాలుగో తేదీ మధ్యాహ్నం ఒంటిగంటంబావుకు సూపరింటెండెంటు గారు "ఆ పట్టిక ఏదమ్మా?" అని కేకేశారు. ఆయన పిలిస్తే నాకు కాళ్ళు ముందు లేస్తాయి, బుద్ధి తరవాత. పేజీ గుర్తు పెట్టుకున్నాను. పుస్తకం చంకన పెట్టుకున్నాను. కొవ్వొత్తి ఆర్పలేదు. అది ఏ కట్ట మీద ఉందో కూడా మనవి చేయక తప్పదు: "అగ్ని నివారణ: ప్రతిపాదనలు". పదేళ్ళవి. ఆ తాడు ముడి ఎవరైనా విప్పిన దాఖలా లేదు.

3. పొగ కనబడ్డాక మంటలార్పే సిలిండరు కోసం పరిగెత్తాం. తనిఖీ నాటికి తళతళలాడుతూ ఉండాలని దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి సూపరింటెండెంటు గారి ఇంట్లో ఉంది. ఫైరింజను మాత్రం మన కిటికీ కిందే, యార్డులో ఉంది. ఆయన కిటికీలోంచి అరిచారు. డ్రైవరు తలెత్తి చూశాడు.

"ఫోన్ చెయ్యండి సార్! కాల్ రాకుండా బండి తీస్తే రేపు నా మెడకి చుట్టుకుంటుంది."

"పొగ కనబడట్లేదా నీకు?"

"నాకు కనబడుతోంది సార్. రిజిస్టర్లో కనబడాలిగా!"

ఫోన్ చేశాం. అవతలివారు చిరునామా అడిగారు. చెప్పాం. దగ్గరలో గుర్తు ఏదైనా ఉందా అన్నారు. "మీ ఆఫీసే!" అన్నారు సూపరింటెండెంటు గారు. బండి కదిలేసరికి మూడు అరలు బూడిదయ్యాయి.

4. మర్నాడు విచారణ జరిగింది. ప్రమాద పత్రంలో తొమ్మిదో గడి "బాధ్యులు". ఊడ్చే ఆమెను మేమంతా పిన్ని అంటాం. ఆమె గది పక్క సందులో స్టవ్ మీద టీ కాస్తుంది. అందుకని ఆమెను పిలిచారు.

"స్టవ్ ఆపావా?"

"ఆపే ఉంటానయ్యా. రోజూ ఆపుతాను. ఆ రోజు మరి... గుర్తు రావట్లేదు."

సూపరింటెండెంటు గారు నావైపు తిరిగి, "ఒప్పుకున్నది అని కొట్టమ్మా. గడి చిన్నది" అన్నారు.

కొట్టాను. తప్పుల్లేకుండా కొట్టాను.

అడిగినప్పుడే మాట్లాడాలని కాన్వెంటులో సిస్టర్లు నేర్పారు. విచారణలో నన్నెవరూ ఏమీ అడగలేదు. వారు నేర్పినది ఇంత నిష్ఠగా నేనెన్నడూ పాటించి ఉండను. పిన్ని పని పోయి నేటికి పన్నెండు రోజులు.

5. ఈ పన్నెండు రోజుల్లో నిద్ర పట్టక, నేనే టైపు చేసిన మూడేళ్ళ పట్టికలు మళ్ళీ చదివాను. దేశంలో ప్రతి వంద ప్రమాదాల్లో అరవై రెండింట తొమ్మిదో గడిలో ఉన్నది ఊడ్చేవారు, కాపలావారు, లేదా వంటవారు. మిగతావాటిలో దాదాపు అన్నిటా "తెలియరాలేదు" అని ఉంది. గది, బల్ల, కుర్చీ ఉన్నవారు మూడేళ్ళలో ఇద్దరే తగిలారు. అందులో ఒకరు అప్పటికే కాలం చేశారు. జాతి ఆస్తిని చీపుళ్ళే తగలబెడుతున్నాయని నేను నమ్ముతూ, కొడుతూ, పేజీలు తిప్పుతూ పోయాను. మనం ఏటా మనుషుల్ని మారుస్తున్నాం, బల్బులు మార్చడం లేదు. కనుక నష్టం ఏటేటా పెరుగుతూ ఉండటంలో వింతేమీ లేదని సవినయంగా మనవి.

కావున తమరు దయచేసి పిన్నిని వెంటనే పనిలోకి తీసుకోవలెను. తొమ్మిదో గడిలో నన్ను రాయవలెను. పత్రంలో పదో గడి ఒకటి చేర్చి, "ఇది జరగకుండా ముందే ఏం చేసి ఉండవలసింది?" అని దేశమంతటా అడిగించవలెను. మన గది తాలూకు జవాబు ఇప్పుడే ఇవ్వగలను: ఒక బల్బు, తాళం లేని చోట ఒక సిలిండరు. టైపిస్టుకు ఒక నోరు.

నోటితో చెప్పలేక కాగితానికి అప్పగించిన ఈ మనవిని ఒక్క గుక్కలో చదివి, చిత్తగించవలెను.

తమ విధేయురాలు
(ఆ విధేయతే ఇంత పని చేసింది),
గణాంక విభాగం టైపిస్టు.

తా.క.: తమకు ఇచ్చే ముందు ఇది పిన్ని ఇంటికి వెళ్ళి చదివి వినిపించాను. రెండో అంశం దగ్గరే ఆపింది.

"నువ్వా! ఆపానా లేదా, ఆపానా లేదా అని పన్నెండు రోజుల్నించీ నా బుర్ర నేనే తినేస్తున్నానే! ఇంట్లో నన్ను పొయ్యి దగ్గరికి కూడా పోనివ్వట్లేదు మా ఆయన. నోట్లో నాలుక లేదా నీకు?"

లేదన్నాను.

"సరే, పద. ఇప్పుడే ఇద్దాం."

"టపాలో వేస్తాను పిన్నీ."

"టపాలో వేసి ఇంట్లో దుప్పటి కప్పుకుంటావు. నీ సంగతి నాకు తెలీదా!"

ప్రస్తుతం మేమిద్దరం తమ గది బయట బెంచీ మీద ఉన్నాం. ఈ నాలుగు ముక్కలూ ఇక్కడే రాస్తున్నాను. నా సంచి ఆమె ఒళ్ళో ఉంది. రెండుసార్లు లేచాను, రెండుసార్లూ కొంగు పట్టి కూర్చోబెట్టింది. తమరు పిలిచేటప్పుడు దయచేసి ఇద్దరినీ పిలవండి. నన్నొక్కదాన్నే పిలిస్తే మళ్ళీ ఏమీ చెప్పకుండా వచ్చేస్తానేమోనని మా ఇద్దరికీ భయంగా ఉంది.