చూసిన సమయం

మంగళవారం, ఎనిమిదో తేదీ

చిరంజీవి పెన్సిలుకు,

మీ అక్క పెట్టిన పేరుతోనే పిలుస్తున్నాను. కోపం తెచ్చుకోకు. మీ బావ ఆశీస్సులు. నువ్వూ, చెల్లాయీ, పిల్లలూ బాగున్నారని తలుస్తాను. నేను బాగున్నాను. అలా రాయకపోతే ఉత్తరం ముందుకు కదలదు.

ఐదు నెలల తర్వాత నీ ఉత్తరం వచ్చింది. అందులో ఒక్కటే ప్రశ్న. ఆ రోజు ఆయన్ని కళ్లారా చూశావా లేదా, ఒక్క మాటలో రాయమన్నావు. ముందు ఆ రోజు గురించి రాస్తాను.

మీ అక్క ఆరింటికి లేచింది. అరగ్లాసు పాలు తాగింది. దిండు ఎత్తుగా పెట్టమంది. తొమ్మిదింటికి పక్కింటి దర్జీ ఆవిడ కుట్టుపని చేతపట్టుకుని వచ్చి మంచం పక్కన కూర్చుంది. నేను సెలవు పెడతానన్నాను. మీ అక్క వద్దంది. ఆ రోజు మాజీ అధ్యక్షుణ్ణి చూసి రావలసిన రోజు.

మా ఆఫీసు పద్ధతి నీకు తెలుసు. పింఛను తీసుకునే ప్రతి మనిషీ ఏడాదికోసారి కౌంటరు దగ్గరికి వచ్చి, బతికి ఉన్నట్టు కనిపించాలి. మాజీ అధ్యక్షుడికి ఆ తిప్పలు లేవు. అధికారే ఆయన ఇంటికి వెళ్లి చూసి రావాలి. ఏడేళ్లుగా ఆ అధికారిని నేను.

పదింటికి వెళ్లాను. అయ్యగారు నిద్రలో ఉన్నారని ఆయన కార్యదర్శి ముందుగదిలో కూర్చోబెట్టాడు. గోడ నిండా ఆయన ఎవరెవరితోనో చేతులు కలిపిన ఫొటోలు. గోడవారన పన్నెండు కుర్చీలు, కూర్చున్నది నేనొక్కణ్ణే. రెండింటికి లోపలికి పిలిచారు. చూశాను. ఫారంలో 'చూసిన సమయం' అన్న గడిలో మధ్యాహ్నం రెండు అని రాసి సంతకం పెట్టాను. ఇంటికొచ్చేసరికి రెండున్నర. మీ అక్క ఒకటిన్నరకు పోయింది.

ఆ సంతకం మీద వేసిన విచారణ సంఘానికి రాసిచ్చింది ఇదే. ఆ సాయంత్రం మా పై అధికారి పక్కన నిలబడి ఉండగా నీకు చెప్పిందీ ఇదే. నువ్వన్న మాట గుర్తుంది. "మాజీ దొరగారు నిద్ర లేచేదాకా కూర్చున్నావు బావా. మా అక్క కళ్లు మూసేలోపు రాలేకపోయావు." మళ్లీ మా గడప తొక్కలేదు. నిన్ను తప్పు పట్టను.

నీ పేపరు రోజూ చదువుతున్నాను. మాజీల పింఛన్ల మీద నువ్వు రాసిన ఆరు వ్యాసాలూ చదివాను. ఆయన దిగిపోయి పంతొమ్మిదేళ్లయినా ఇల్లు, రెండు కార్లు, కాపలా, పద్నాలుగు మంది సిబ్బంది ప్రజల ఖర్చుతోనే నడుస్తున్నాయని రాశావు. మేం ఏళ్లుగా ఫైళ్లలో చూస్తున్నదే. చూసి చూసి మాకు కనపడటం మానేసింది. ఆయన పోయిన సంగతి ఇంట్లోవాళ్లు నెలన్నర దాచి ఆ తర్వాతే ప్రకటించారనీ, అంబులెన్సు డ్రైవరు చెప్పిన తేదీ నేను వెళ్లిన రోజుకు పన్నెండు రోజుల ముందనీ రాశావు. చనిపోయిన మనిషికి నెలన్నరపాటు ఇద్దరు వంటవాళ్లు ఏం వండిపెట్టారని అడిగావు. ఆ వాక్యం మీ అక్క చదివి ఉంటే నవ్వేది.

కార్యదర్శి దగ్గర ఉన్న జవాబు ఒక్కటే. ఆ తేదీ తర్వాత ప్రభుత్వ అధికారి స్వయంగా చూసి సంతకం పెట్టాడు. అంటే ఇప్పుడు ఆయన్ని బతికిస్తున్నది నా సంతకం.

ఆ ఫారం మీద రెండో సంతకం మా సెక్షన్లో చిన్న క్లర్కుది. సాక్షి సంతకం. ఆ అమ్మాయిని పోయిన వారం పనిలోంచి పక్కన పెట్టారు. వేటు ఎప్పుడూ కిందివాళ్ల మీదే ముందు పడుతుంది. ఎల్లుండి ఉదయం పదింటికి సంఘం ముందుకు ఇద్దరినీ పిలిచారు. నా ఉద్యోగం ఇంకా నాలుగు నెలలు. తప్పుడు ధ్రువీకరణ అని తేలితే నా పింఛను పోతుంది. ఇన్నేళ్లు ఊరందరికీ పింఛను ఇచ్చినవాణ్ణి.

ఇంకో సంగతి. పోయే ముందు రెండు నెలలు మీ అక్కకు టీచరు పింఛను ఆగిపోయింది. మంచం మీద ఉండి గడువులోగా కౌంటరుకు రాలేకపోయింది. నేను రూలు వంచలేదు. ఆటోలో తీసుకెళ్లి వరసలో నిలబెట్టి, నేను వెళ్లి లోపల నా కుర్చీలో కూర్చున్నాను. తన వంతు వచ్చాక అద్దం మీద వేలితో కొట్టింది.

"సార్, నేను బతికే ఉన్నాను. నమ్మకం లేకపోతే ఇంటికెళ్లి మీ ఆవిణ్ణి అడగండి."

వరసంతా నవ్వింది. నేను నవ్వలేదు. ముద్ర వేశాను.

నీ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు: చూశాను.

ఇట్లు,
మీ బావ

తా.క. (బుధవారం సాయంత్రం)

కవరు అంటించాను. మళ్లీ చించాను.

ఇందాక చిన్న క్లర్కు వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మంలోనే నిలబడింది. రేపు సంఘం ముందు, ఆ రోజు తను కూడా నాతో వచ్చాననీ, ఆయన్ని కళ్లారా చూశాననీ చెబుతుందట. అలా చెబితే ఇద్దరం గట్టెక్కుతామంది. నువ్వు రాలేదు కదమ్మా అన్నాను.

"మీరు చూశారంటే నేను చూసినట్టే కదా సార్. అట్లాగే కదా మనం పెట్టేది."

అవును. అట్లాగే పెడతాం. మా సెక్షన్లో సాక్షి సంతకం ముందురోజే ఖాళీ ఫారం మీద పడుతుంది. దాన్ని అలవాటు చేసింది నేనే. సంఘం ముందు నా పేరు చెడకూడదని ఆ పిల్ల ఈ సంగతి ఇంతవరకూ నోరు విప్పి చెప్పలేదు. కుర్చీలో కూర్చున్నాను. తను వెళ్లిపోయింది.

పెన్సిలూ, నేను ఆయన్ని చూడలేదు.

పన్నెండున్నరకు దర్జీ ఆవిడ ఫోన్ చేసింది. అన్నయ్యా, వెంటనే బయల్దేరండి అంది. నేను లేచాను. అయ్యగారు రెండింటికి లేస్తారు, ఆ గడి నింపేసి వెళ్లండి, ఎప్పుడూ ఉండేదే కదా అన్నాడు కార్యదర్శి. పెన్ను కూడా అతనే ఇచ్చాడు. మూసి ఉన్న తలుపు ముందు నిలబడి 'మధ్యాహ్నం రెండు' అని రాశాను. అప్పటికి పన్నెండూ నలభై. నా భార్య విషయంలో అంగుళం వంచని రూలును ఆ తలుపు ముందు అరనిమిషంలో విరిచేశాను.

ఒంటిగంటా ఐదుకు ఇంట్లో ఉన్నాను. దర్జీ ఆవిడ డాక్టరు కోసం పరిగెత్తింది. ఇరవై ఐదు నిమిషాలు మీ అక్క దగ్గర నేను ఉన్నాను. తల నా చేతిమీదే ఉంది. ఒంటరిగా పోలేదు. ఇది నీకు ఆ రోజే చెప్పవలసింది. ఎన్నింటికి వచ్చావు బావా అని నువ్వు అడిగినప్పుడు పై అధికారి పక్కనే ఉన్నాడు, ఫారం నా సంచిలో ఉంది. రెండున్నర అన్నాను. చెప్పవద్దని దర్జీ ఆవిణ్ణి బతిమాలాను. ఎందుకని ఆవిడ అడగలేదు. ఒక గడిలో రాసిన అంకె కోసం ఐదు నెలలు నీ చేత తిట్లు తిన్నాను. వాటికి నేను తగనని చెప్పడం లేదు.

ఆ ఇరవై ఐదు నిమిషాల్లో తను మాట్లాడింది రెండుసార్లు. మొదట, ఇంత తొందరగా వచ్చావేంటి, ఆయన్ని చూశావా అంది. చూశానన్నాను.

"ఎట్లా ఉన్నాడు?"

నిద్రపోతున్నాడన్నాను.

సరేనన్నట్టు తల ఊపింది. తర్వాత మాట్లాడలేదు. ముప్పై నాలుగేళ్ల కాపురంలో నేను తనకు చెప్పిన చివరి మాట అబద్ధం. దాన్ని తను నమ్మింది.

ఇది నీ పేపర్లో వేసుకో. సంతకం, సమయం, తలుపు, పెన్ను, అన్నీ వేసుకో. ఆ ఇరవై ఐదు నిమిషాలు మాత్రం వేయకు. అవి నీకు.

రేపు ఉదయం ఎనిమిదింటికి ఈ కవరు పోస్టు డబ్బాలో వేస్తాను. అక్కణ్ణుంచి చిన్న క్లర్కు ఇంటికి వెళ్లి, నువ్వు ఏమీ చెప్పనక్కర్లేదమ్మా అని చెబుతాను. పదింటికి సంఘం ముందు ఆ అమ్మాయి కంటే ముందు నేను లేచి, చూడలేదని చెబుతాను.