నీళ్ల నింద

ఏప్రిల్ 1982, మంగళవారం. అమెరికాలోని నార్ఫోక్ తీరానికి దగ్గర్లో.

ఒడ్డున దిగి పోరాడే మెరీన్ సైనికుల్ని తీసుకెళ్తున్న మా నేవీ షిప్‌లో మంచినీళ్లు తగ్గాయి. "ఈ మెరీన్లు ఎక్కినప్పటి నుంచీ ఇదే గొడవ" అని భోజనాల దగ్గర మా నావికులు విసుక్కున్నారు. షిప్ డాక్టర్‌ని, నేనూ తలూపాను. పొద్దున పుట్టినరోజని షవర్ ఆపకుండా తలంటుకున్నది నేనే. నా క్యాబిన్‌లో ఉండే మెరీన్ లెఫ్టినెంట్ అది చూశాడు. ఎదురుగానే కూర్చుని కూడా ఏమీ అనలేదు.

సాయంత్రం మెరీన్లకు మాత్రం స్నానాలు బంద్ చేశారు.

"నా సంగతి చెప్పలేదేం?" అని క్యాబిన్‌లో లెఫ్టినెంట్‌ని అడిగాను.

"షిప్ మీది, డాక్టర్. మేం దిగిపోయేవాళ్లం" అంటూ చెమట చొక్కాతోనే పడుకున్నాడు.

కెప్టెన్ తలుపు దాకా వెళ్లి, తట్టకుండా తిరిగొచ్చాను. నావికులు నన్ను "మనవాడు" అనడం ఈమధ్యే మొదలుపెట్టారు...