జోసెఫ్ అతికిన అరవై తీగలు

జోసెఫ్,

నువ్వు పోయి నేటికి ఏడాది. నల్లపాడులో మీ ఇంట జ్ఞాపకార్థ ప్రార్థన అయ్యాక జరిగింది నీకు చెప్పాలి.

ఓడలో పనిచేసే మా బావ జపాన్ నుంచి టీవీ, వీడియోగేమ్ మిషన్ తెచ్చాడు. తర్వాత అమెరికాలో కొన్న క్యాసెట్ మాత్రం అందులో పట్టలేదు. అక్కడి క్యాసెట్లు వెడల్పు. రేడియోలు బాగుచేసే నువ్వు అరవై తీగలు అతికి, రెంటినీ కలిపే పెట్టె చేశావు. బొమ్మ రాలేదు. కొన్నాళ్లకే జబ్బుపడ్డావు. "జోసెఫ్ నా క్యాసెట్ తగలేశాడు" అని బావ ఊరంతా చెప్పాడు.

ఇవాళ మీ ఆవిడ మరియమ్మ ఆ పెట్టె బయటికి తీసి, బావ చేత టీవీ, మిషన్, ఆ క్యాసెట్ తెప్పించింది. మళ్లీ బొమ్మ రాలేదు.

"చూశావామ్మా? నే చెప్పలా?" అన్నాడు బావ.

మరియమ్మ పొగాకు ఆకులు కర్రకు కడుతుంది. ఒకటి ఇటు, ఒకటి అటు తిప్పి కట్టడం ఆమెకు అలవాటు.

"క్యాసెట్ మీద బొమ్మ మనకేసే చూడాలని ఎవరు చెప్పారండీ?" అంటూ దాన్ని వెనక్కి తిప్పి పెట్టింది. నువ్వూ నేనూ ఎన్నడూ అలా పెట్టి చూడలేదు.

తెర మీద ఆట మొదలైంది.

"ఒరేయ్, జోసెఫ్ గెలిచాడ్రా!" అని అరిచింది బావే. నీ తీగల్లో ఒక్కటీ తప్పు కాదు.

వెళ్తూ బావ పెట్టె అడిగాడు. మరియమ్మ ఇవ్వలేదు.

"ఆడాలంటే మా ఇంటికే రండి అన్నయ్యగారూ. ఊరంతా చెప్పారుగా, ఊరందర్నీ తీసుకురండి."