స్టే వైరు దగ్గర మేక

శుక్రవారం, తర్లుపాడు

పొద్దున వాన వెలిశాక మా మేక కరెంటు స్తంభాన్ని నేలకు లాగి కట్టిన స్టే వైరుకు తగిలి గిలగిలా కొట్టుకుంది. దాన్ని లాగబోయిన అత్తమ్మను కొంగు పట్టి వెనక్కి గుంజాను. ఇద్దరం బురదలో పడ్డాం.

“ఇడువమ్మా, సచ్చిపోతాంది!” అని ఏడ్చింది.

“ముట్టుకుంటే నువ్వూ పోతావత్తా!” అన్నాను.

లైన్‌మన్ వచ్చి కరెంటు ఆపేసరికి మేక చచ్చిపోయింది. అతను వైరు బాగుచేసి, “ఇంక భయం లేదక్కా” అన్నాడు. మా స్నానాలగది గోడ ఆ స్తంభానికి ఆనుకునే ఉంది. స్తంభం జరపమంటే, “పైవాళ్లకు చెప్తా” అని వెళ్లిపోయాడు.

సాయంత్రం నా కూతురు స్నానానికి పోతుంటే అత్తమ్మ ఆపి, ముందు తనే ఆ తడిగోడను తాకి చూసింది. తర్వాతే పిల్లను లోపలికి పంపింది.

రేపటి నుంచి ఆ గోడను తాకి చూడ్డానికి ఆమెకంటే ముందు నేను లేవాలి.