జాడీ ఒక్కటే

ఏర్పేడు

ప్రియమైన బిడ్డ నిస్సీకి నాయన దీవించి రాయునది. దేవుని దయ వలన ఇక్కడ నేనూ, మీ అమ్మ సాకిన కోళ్ళూ బాగున్నాము. తడలో నువ్వూ, అల్లుడు రూపేషూ, పాప మహితా బాగున్నారని తలుస్తున్నాను. కోళ్ళ సంగతి నువ్వు అడగలేదు గానీ, అడిగితే సంతోషపడేవి.

నీ జాబు అందింది. ఎన్నిసార్లు ఫోను చేసినా నేను ఎత్తడం లేదని చివరికి కాగితం మీదికి దిగావు. ఫోను చెడిపోలేదు. పోస్టు మనిషి నా పేరున కవరు చూసి, కోర్టు నోటీసేమో అనుకుని జాలిగా ఇచ్చిపోయాడు.

నీ ప్రశ్నలకు వరసగా జవాబు రాస్తాను. పంటి నొప్పి తగ్గింది. పన్నే తీసేశారు, తగ్గక ఏం చేస్తుంది? బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. గుడ్ ఫ్రైడే నాడు చర్చిలో అందరికీ పంచే ప్రభువు బల్లకు ఈసారి ద్రాక్షారసం పెట్టావా అని అడిగావు. పెట్టలేదు. జాడీ కడిగి బోర్లించాను. తెలిసే అడిగావో, తెలియక అడిగావో నాకు అంతుపట్టలేదు. ఇక ఆఖరి ప్రశ్న. 'తాగుతానని నువ్వే అందరి ముందర ఒప్పుకున్నావంట కదా, సుజనక్క చెప్పింది. మరి నా మీద కోపమెందుకు నాయనా?' అని రాశావు. దీనికి జవాబు కాస్త పొడుగు. మహిత నిద్రపోయినాక చదువుకో.

ముందొక పిట్టకథ. నేను బడికి పోయింది కొంచెమే, నీకు తెలుసు. తిరుపతిలో ప్రెస్సులో సీసం అక్షరాలు పేరుస్తూ చదువు నేర్చుకున్నాను. పెండ్లి పత్రికలు, అలిపిరి కాడ పంచే హోటళ్ళ కాగితాలు, మన సువార్త కూటాల పత్రికలు అన్నీ ఈ చేతుల మీదుగా పోయినవే. సారా వద్దని ఆడవాళ్ళు రోడ్డెక్కిన రోజుల్లో వాళ్ళ కరపత్రాలూ నేనే కూర్చాను. ఒకసారి సువార్త కూటం పత్రికలో 'ధ' అచ్చు అరిగిపోయి, కింది ఒత్తు కాగితం మీద పడలేదు. 'మద్యాహ్నం విందు కలదు' అని ఊరంతా పంచేశారు. ఎప్పుడూ చర్చి గడప తొక్కనివాళ్ళు కూడా ఆరోజు వచ్చి ముందు వరసలో కూర్చున్నారట. మా ఓనరు తల పట్టుకుని, "ఒక ఒత్తు పోతే మిట్టమజ్జాన్నం సారా అంగడైపోయె గదరా ఎల్లప్పా!" అన్నాడు. అప్పటి నుంచి మద్యం అనే మాట ఎక్కడ కనబడినా నా కన్ను అక్కడ ఆగుతుంది. నీ పేరు పక్కన వినబడినప్పుడు చెవి కూడా అక్కడే ఆగింది. అక్కడికే వస్తున్నాను.

బల్లకు ద్రాక్షారసం పెట్టడం నాకు నేర్పింది పాత అయ్యగారు. కాళహస్తి అంగట్లో నల్ల ద్రాక్షపండ్లు తెచ్చి, కడిగి ఆరబెట్టి, చేత్తో పిసికి, చక్కెర, లవంగాలు, గుప్పెడు గోధుమలు వేసి, జాడీ మూతికి గుడ్డ కట్టి చీకటి మూలన పెట్టాలి. రోజూ కట్టె గరిటెతో తిప్పాలి. చెవి ఆనిస్తే లోపల గుసగుసలాడుతూ ఉంటుంది. ఎందుకు గుసగుసలాడుతుందో అయ్యగారికి తెలుసు, నాకు తెలుసు, వడగట్టే మీ అమ్మకూ తెలుసు. ఎవరమూ దానికి వేరే పేరు పెట్టలేదు. బైబిల్లో ద్రాక్షారసమని ఉంది, మేమూ ద్రాక్షారసమే అన్నాము.

ఇప్పటి పాస్టరు ధనంజయ వచ్చినాక వాక్యాన్ని అక్షరాలా పట్టుకోవాలన్నాడు. రసమంటే పండు పిండిన రసమే, ప్రభువు ముట్టిన దాంట్లో మత్తు ఉండే ప్రశ్నే లేదు అన్నాడు. మంచిదే. కానీ ఈ అరవ సరిహద్దులో రసమంటే మిరియాల చారు. అక్షరాలా పోతే కానా పెండ్లిలో ప్రభువు నీళ్ళను ద్రాక్షారసం కాదు, చారు చేశాడని చెప్పుకోవాలి. ఈ మాట నేను పాస్టరుతో అనలేదు. క్రిస్మసుకు నువ్వు వచ్చినప్పుడు, వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ నీతో అన్నాను. నువ్వు కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వావు.

నువ్వలా నవ్వితే అచ్చం మీ అమ్మలాగే ఉంటావు. అందుకే ఇంకో మాట కూడా నోరు జారింది. మీ అమ్మ కోమలి పోయినాక నిద్ర పట్టడం లేదని, బల్లకు ఇవ్వగా జాడీ అడుగున మిగిలిన రసం పడుకోబోయే ముందు చిన్న టీ గ్లాసుడు తాగుతున్నానని చెప్పాను. బైబిల్లో పౌలు తిమోతికి కడుపు బాగాలేదని కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు, నా జబ్బు కడుపుకు జానెడు పైన ఉందని కూడా అన్నాను. నువ్వు నా చెయ్యి పట్టుకుని, "తాగు నాయనా, దాంట్లో ఏముండాది? నేనెవురికి చెప్తా?" అన్నావు.

నిజమే, ఎవరికీ చెప్పలేదు నువ్వు. దేవుడికి చెప్పుకున్నావు. కాకపోతే పాస్టరమ్మ సుజన నడిపే స్త్రీల ప్రార్థన గ్రూపులో టైపు చేసి చెప్పుకున్నావు.

ఫిబ్రవరి మొదటి ఆదివారం బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఉంది. జగ్గులో నేను తెచ్చిన రసం. సంఘపెద్దను గనుక దాన్ని చిన్న గిన్నెల్లోకి వంచి పళ్ళెం తిప్పేది నేనే. లేచి జగ్గు పట్టుకోబోయాను. పాస్టరు, "ఉండండి తాతా, ఒక ప్రార్థన మనవి ఉండాది" అని ఫోను చూసి చదివాడు. 'మా నాయన ఎల్లప్ప మద్యం నుంచి విడుదల పొందాలని ప్రార్థించండి. నిస్సీ, తడ.' అందరూ కళ్ళు మూసుకున్నారు. కళ్ళు మూసుకునే నన్ను చూశారు.

ఆమెన్ అయినాక నేనన్నాను: "పాస్టరయ్యా, నేను మద్యం తాగలేదబ్బా. ఈ జగ్గులో ఉండాదే, ఇదే తాగినాను. జాడీ ఒక్కటే."

"బల్ల మీద ఉండేది ద్రాక్షారసం తాతా. రసమంటే రసమే."

"మరి నా గ్లాసులో పడేకొందికి మద్యం ఎట్లయిపోయె?"

ఆడవాళ్ళ పక్క నుంచి అక్కమ్మ, "అదా సంగతి! బల్ల తీసుకున్న ఆదివారం నాకు మజ్జాన్నం నిద్ర ఎందుకంత బాగా పడతాదో ఇప్పుడు తెలిసె!" అంది. చర్చి చర్చంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకుండా ఉంటే బాగుండేది. పాస్టరు జగ్గు మూత తీసి వాసన చూశాడు. అతని మొహం నల్లబడింది. వచ్చిననాటి నుంచి తాను ఎత్తి పట్టుకుని ఆశీర్వదించిన గిన్నె అది. అది తప్పయితే తప్పు అతని చేతికీ అంటుతుంది.

సుజన నీకు నా జవాబు చెప్పింది. పాస్టరు అడిగిన ప్రశ్న చెప్పలేదు. నేను నీకు ఇంతవరకూ దాచిన సంగతి అదే, ఇప్పుడు రాస్తున్నాను. అతను జగ్గు రెండు చేతులా పట్టుకుని అడిగాడు.

"మీ బిడ్డ మద్యమని రాసింది. ఆయమ్మి రాసింది అబద్ధమని ఈడ, అందరి ముందర చెప్పండి తాతా. ఈ జగ్గు మీ చేతికే ఇస్తాను."

అబద్ధమే అని చెప్పడానికి నోరు తెరిచాను అమ్మీ. చెబితే నాకు బల్ల దక్కేది, పళ్ళెం దక్కేది, అందరూ పెద్దాయనా అని పిలిచే పిలుపు దక్కేది. ఆ బల్ల పక్కనే నువ్వు చిన్నప్పుడు గౌను వేసుకుని వాక్యాలు అప్పజెప్పి బహుమతి పుచ్చుకున్నావు. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్ళే ఆ బెంచీల మీద ఉన్నారు. వాళ్ళ ముందు నిన్ను అబద్ధాలకోరని ఎలా అనేది?

"నా బిడ్డ రాసింది నిజమే" అన్నాను. దేవుని మందిరంలో నిలబడి ఆడిన అబద్ధం అది. దాన్ని పట్టుకుని నువ్వు, నువ్వే ఒప్పుకున్నావు కదా అని జాబు రాశావు.

నన్ను బల్లకు దూరం పెట్టినాక, మార్చి మొదటి ఆదివారం వెనక బెంచీలో కూర్చున్నాను. ఈసారి అంగట్లో కొన్న డబ్బా రసం. పళ్ళెం నా దాకా వస్తే తీసుకోకుండా పక్కన కూర్చున్న పెంచలయ్యకు అందించాను. ఆయన నా చెవిలో, "ఒకటి తీసుకోన్నా, పాస్టరు ఈ పక్క సూడ్లేదులే" అన్నాడు. మంచి మనిషి. కానీ ప్రభువు గిన్నెను దొంగతనంగా తాగడమేమిటి? పళ్ళెం ముందుకు పోయింది. నేను పాట పుస్తకం తీసి, ఏ పేజీయో చూడకుండా చూస్తూ కూర్చున్నాను.

కోపమైతే ఫోను ఎత్తి నాలుగు తిట్టేవాణ్ణి, సాయంత్రానికి చల్లారేది. నువ్వు నా మేలు కోరే రాశావు, అదీ నాకు తెలుసు. కానీ నేను నీతో చెప్పింది రెండు మాటలు. మీ అమ్మ లేక నిద్ర పట్టడం లేదన్నాను, చిన్న గ్లాసుడు తాగుతున్నానన్నాను. అందులో గ్లాసు ఒక్కటే నీకు వినబడింది. మొదటి మాటకు ఏ గ్రూపులోనూ ఎవరూ ప్రార్థన చేయలేదు. మద్యం అన్న మాట పక్కన నిద్ర అన్న మాట కూడా చేర్చి ఉంటే ఊరు ఎలా చదువుకునేదో! క్షమించానని రాయమని నీ జాబులో అడిగావు. ఇంకా క్షమించలేదు. ఒక అబద్ధం ఆడినాక రెండోది రాయడానికి చెయ్యి రావడం లేదు.

గుడ్ ఫ్రైడేకి వస్తానన్నావు. రా. మహితను తీసుకురా. చింతచిగురు దొరికితే పప్పులో వేసి వండి పెడతాను. నాకోసం ప్రార్థన మానవద్దు. ఏమని ప్రార్థించాలో మాత్రం ఇకమీదట నీకు చెప్పను.

ఇట్లు,
ఇప్పటికీ నీ నాయనే అయిన
ఎల్లప్ప