కుడివైపు మూల

ఆదివారం, మధ్యాహ్నం

చిరంజీవి అల్లుడికి,

మామయ్య మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ అత్తయ్యా ఉన్నాం. బాగున్నామని రాయడానికి చెయ్యి రావడం లేదు, అందుకని ఉన్నామనే రాస్తున్నాను. అమ్మాయి పోయాక మీ తండ్రీకూతుళ్ళ పరిస్థితీ అంతే అయివుంటుంది.

చేపల తొట్టి సిద్ధమైంది. రేపు బండిలో పంపుతున్నాను. ఆలస్యం చేశానని మన పిడుగు నా మీద కారాలు మిరియాలు నూరుతోందట కదా! తొట్టి కారిన రోజు అదే ఫోన్ చేసి, తాతయ్యా, నువ్వు చేసిన తొట్టి పక్క తడిపేసిందని ఫిర్యాదు చేసింది. అద్దాల కొట్టులో తల నెరిసినవాణ్ణి, నాకు ఇంతకంటే తలవంపులేముంటాయి! మొన్న మాత్రం ఏడ్చింది. అమ్మ చేపలు బకెట్లో ఇరుక్కుపోయాయనీ, ఒకటి చచ్చిపోయిందనీ చెప్పింది. ఇంకొకటి పోతే అది తట్టుకోలేదు. నేనూ తట్టుకోలేను.

కారుతున్న ఒక్కచోటే కాస్త పూస్తే సరిపోదా అని అడిగావు. సరిపోదు నాయనా. పాత సిలికాన్ జిగురు మీద కొత్తది అతకదు. లోపలిదంతా బ్లేడుతో గీకి, స్పిరిట్‌తో తుడిచి, మళ్ళీ మొదటినుంచీ పట్టించాలి. అది ఆరేలోపు వేలితో ఒక్క ఊపున నున్నగా లాగాలి, మధ్యలో ఆగితే ఎప్పటికైనా అక్కడే కారుతుంది. అన్నీ పద్ధతిగా చేశాను. జిగురు పుల్లటి వాసన పోయేదాకా ఎండనిచ్చి, నీళ్ళు నింపి చూశాను. చుక్క కారలేదు.

చేపల్ని ఒక్కసారిగా వదలకు, కొత్త నీళ్ళు కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యి. అద్దం మీద కొట్టొద్దని పిడుగుకి చెప్పు. వినదనుకో, వాళ్ళమ్మ విన్నదా ఏనాడైనా! నువ్వు వేళకి తిను. వంటలో ఏ అనుమానం వచ్చినా మీ అత్తయ్యకి ఫోన్ చెయ్యి, మొహమాటపడకు.

ఇట్లు,
మీ మంచి కోరే
మామయ్య

తా.క.: పంపుతున్నది మీ తొట్టి కాదు. అదే కొలతకి కొత్త అద్దాలు కోసి చేశాను. పిడుగుకి చెప్పకు.

మీరు కాపురం పెట్టిన కొత్తలో ఆ తొట్టి చేసినప్పుడు, నేను సిలికాన్ పట్టిస్తుంటే అమ్మాయి వేలితో లాగింది. గ్లవ్స్ వేసుకోవే అని మొత్తుకున్నా వినలేదు. కుడివైపు మూలకి వచ్చేసరికి గుమ్మంలో నువ్వు కనిపించావు. పని మధ్యలో వదిలేసి నీ దగ్గరికి పరిగెత్తింది. ఇప్పుడు కారింది అక్కడే. అక్కడ దాని వేలిముద్ర గీతలతో సహా ఉంది.

మిగతా మూలలన్నీ గీకేశాను. అక్కడ బ్లేడు పట్టుకుని కూర్చుండిపోతే మీ అత్తయ్య వచ్చి చూసింది. ఆ ముద్ర మీద తన వేలు పెట్టి చూసుకుంది. తర్వాత, కొత్త అద్దాలు కోసుకోండి అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

పాతది మా గదిలో పెట్టుకున్నాం. అందులో నీళ్ళు నిలవవు, నిలవక్కర్లేదు. దానిలో నీకూ వాటా ఉంది. వీలు చూసుకుని ఒకసారి రా నాయనా. నువ్వూ వేలు పెట్టి చూసుకుందువుగాని.