అట్ట మీది కాషాయం

వేలూరు, 12.8.93

అప్పా, మీకు తెలుగు చదవడం రాదు, సరే. నా కార్డులు మీకు చదివిపెట్టే తాతను అడగకుండా, నేను ఇంట్లో మరచిన నవల అట్ట మీద కాషాయం కట్టిన కుర్రవాడి బొమ్మ చూసి, నేను సన్యాసుల్లో కలుస్తానని ఎట్లా తేల్చేశారు? నిన్న దొరై మామ హాస్టలుకొచ్చి, "జుట్టుండాదా, గొరిగించేసినావా పాపా?" అని నా జడ పట్టి చూశాడు. "ఆదివారం మీ నాయన వస్తాడు. సదువు సాలు, ఇంటికి పిల్చుకోని పోతాడు" అన్నాడు. అప్పటినుంచి గేటు చప్పుడైతే కిటికీ దగ్గరికి పరుగెత్తుతున్నాను.

ఆ కథలో తండ్రి మఠానికి అప్పగించిన కుర్రవాడు కాషాయం విప్పేసి, వణుకుతూనే సొంతంగా ఆలోచించడం నేర్చుకుంటాడు. అందుకే ఆ పుస్తకం నాకు ప్రాణం. మగ్గం గుంత చెమ్మలో పడేయకండి. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? అందరికీ దండాలు.

తాతా, చివరి మాట మెత్తబరచకుండా చదువు. ఆదివారం నేను రాను.

గోమతి